నలుగురు పెళ్ళాలకూ తెలియని నంబరు

పోలీసు జీపు రామమందిరం గేటు ముందు ఆగేసరికి డెక్‌స్టర్ హాలరన్ మూడోసారి ఏడుస్తున్నాడు. మొదటి రెండుసార్లూ మొహం మీద వెలుతురు సరిగ్గా పడలేదు.

వరండాలో మూడు కాళ్ళ స్టాండు మీద అతని ఫోను ఉంది. ఫోను ముందు మూత వేసిన తోలు పెట్టె. ఆ పెట్టె మీద వాలిపోయి, అరవై ఏడేళ్ళ అమెరికా నటుడు భుజాలు ఎగరేస్తూ వెక్కుతున్నాడు. వెక్కడం మొదలెట్టే ముందు నుదుటి మీదికి ఒక జుట్టుపాయ లాగి వదిలాడు. అది మాధవి కంటపడింది. రెండు వారాలుగా మలేషియాలో అతని ప్రదర్శనలన్నీ దగ్గరుండి నడిపిస్తున్నది ఆమే. ఆ పాయ ఎప్పుడు జారుతుందో, గొంతు ఎక్కడ వణుకుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

“నా రోసలీ చచ్చిపోయింది,” అన్నాడు డెక్‌స్టర్ ఫోనుతో. “నలభై ఏళ్ళు నా గుండెకు ఆనుకుని బతికిన పిల్ల. పుణ్యస్థలమని నమ్మి వదిలి వెళ్ళాను. మెడ విరిచేశారు.”

రోసలీ అంటే గిటారు.

మందిరం మెట్ల మీద పైడయ్య కూర్చుని ఉన్నాడు. మాధవికి చిన్నాన్న. ఈ మందిరం తలుపులు తీసేదీ వేసేదీ ముప్ఫై ఏళ్ళుగా ఆయనే. తాళాల గుత్తి ఎప్పుడూ మొలకే ఉండేది. ఇప్పుడు పక్కన మెట్టు మీద, తనది కాదన్నట్టు పడి ఉంది. గిటారు పెట్టె రాత్రంతా మందిరం పక్కగదిలో ఉంది. ఆ గదికి ఒకటే తాళంచెవి, అదీ ఆ గుత్తిలోనే. ఇంక ఆలోచించడానికి ఏముంది అన్నట్టు చూస్తున్నారు వరండాలో జనం.

ఇన్‌స్పెక్టర్ సుగుమారన్ బూట్లు విప్పి మెట్ల దగ్గరికి వచ్చాడు. తెలుక్ ఇంటాన్‌లో తెలుగువాళ్ళ మధ్య పెరిగిన తమిళుడు. తెలుగు బాగానే అర్థమవుతుంది.

“మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా అయ్యా?”

“గుడి మెట్ల మీద కూకుని ఒకడి తప్పు పేరెట్టి సెప్పకూడదు సార్,” అన్నాడు పైడయ్య. “మా తాత సెప్పినాడు, మా నాన్న సెప్పినాడు. నానైతే సెయ్నేదు. అంతే లా.” ఆ ‘లా’ మలేషియాలో ఎవరి మాట చివరైనా తగులుతుంది.

“పేరు చెప్పకపోతే మీ పేరే మిగుల్తుంది.”

“మిగల్నీండి.”

తెలుగు సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ మాధవిని స్తంభం చాటుకి పిలిచాడు. ఊళ్ళో పెద్ద హార్డ్‌వేర్ కొట్టు, పట్టు జుబ్బా, మెళ్ళో పేరు రాసిన బిళ్ళ. అమెరికా నటుణ్ణి మందిరానికి పిలిపించాలన్న ఆలోచన ఆయనదే. దానికి ముహూర్తం కూడా ఆయనే పెట్టాడు. నిన్న సరస్వతీ పూజ. భజన బృందం హార్మోనియం, మద్దెలలు, తాళాలు, పిల్లల పుస్తకాలు అన్నీ అమ్మవారి ముందు పెట్టి పసుపుబట్ట కప్పేస్తారు. ఒకసారి కప్పాక మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. వాటి మధ్య హాలీవుడ్ గిటారు ఒకటి ఉంటే ఫొటోలో ఎలా ఉంటుందో శ్రీకుమార్ ఊహించుకున్నాడు. నటుడు కూడా ఊహించుకున్నాడు. ఇద్దరికీ వెంటనే కుదిరింది.

“చూడు మాధవీ, ఇది మన వాళ్ళందరి పరువు లా,” అన్నాడు శ్రీకుమార్. “సాయంత్రం పూజకి, ఆయన్ని సినిమా వేషానికి చూడ్డానికి, ఆ డైరెక్టరమ్మ వస్తుంది. ఆవిడ ముందు మీ చిన్నాన్న కెమెరాలో ఒక్క మాట చెప్పాలి. పెట్టె జరుపుతుంటే చెయ్యి జారిందని. డెక్‌స్టర్ క్షమించేస్తాడు. కౌగిలించుకుంటాడు కూడా. నాకు మాటిచ్చాడు.”

“చెయ్యి జారలేదు కదా.”

“జారిందో లేదో ఎవరికి కావాలి? చెప్పకపోతే రిపోర్టు ఇస్తానంటున్నాడు. మీ చిన్నాన్న జీపెక్కుతాడు. కమిటీ తాళాలు తీసుకుంటుంది.”

“తాళాలు మీకు ఎప్పట్నుంచో కావాలి గదా. పోయిన నెల ఇంకో తాళంచెవి చేయించమని అడిగారట.”

శ్రీకుమార్ మొహం ముడుచుకుంది. “ఆయన ఇవ్వలేదు. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు.”

మాధవి గుర్తుపెట్టుకుంది. ముందు ఈయన మీదే అనుమానపడింది కూడా.

ఇంతకీ ఈ ఏడుస్తున్న పెద్దమనిషి ఎవరు? అతని జీవితచరిత్ర మాధవికి కంఠతా వచ్చు. పెనాంగ్‌లో, సుంగై పెటానిలో, ఇపోలో, వేదిక పక్కన నిలబడి వింది. ‘నేనూ నా గిటారూ’ అనే ఏకపాత్రాభినయం అది. ఓహాయోలో చెప్పుల కొట్టువాడి కొడుకు. ఇరవై నాలుగేళ్ళకి న్యూయార్క్ వెళ్ళి ఒక సంగీత నాటకంలో అసలు నటుడికి జ్వరం వస్తే వేయడానికి ఉంచిన అదనపు నటుడయ్యాడు. అదృష్టవశాత్తూ జ్వరం వచ్చింది. రోడ్డు పక్క గిటారు వాయించే కుర్రాడి వేషం. ఆడవాళ్ళు ఏడ్చారు, పత్రికలు పొగిడాయి. ఆ నాటకం సినిమా అయింది, ఆ కుర్రాడు అతనే అయ్యాడు. తెర మీద తీగల మీద పరిగెత్తిన వేళ్ళు మాత్రం అతనివి కావు. వేళ్ళు చూపించాల్సినప్పుడల్లా ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. ఆ వేళ్ళవాడి పేరు సినిమా చివర కూడా వేయలేదు.

తరవాత టీవీలో ఏడేళ్ళు, హంతకుల్ని పట్టుకుని ఆఖర్న పాట పాడే డిటెక్టివు. రెండు ఆల్బములు. వాటిలో ఒక పాట ఇప్పటికీ లిఫ్టుల్లో వినిపిస్తుంది, దిగేవాళ్ళు ఎవరూ పట్టించుకోరు. నలుగురు భార్యలు. తాగుడు, తాగుడు మానడం, మానిన సంగతి మీద ఒక పుస్తకం, పుస్తకం అమ్ముడుపోక మళ్ళీ తాగుడు. విహారనౌకల్లో ముసలమ్మల ముందు పాటలు. అక్కడా పిలుపులు తగ్గాక ఆసియా గుర్తొచ్చింది. తనని ఎవరూ గుర్తుపట్టనిచోట కూడా నల్లకళ్ళద్దాలు తీయడు.

ఆ ఏకపాత్రాభినయంలో ఊరు మారితే కథ మారుతుంది. రోసలీని పెనాంగ్‌లో చచ్చిపోతున్న గుడ్డి గాయకుడు ఇచ్చాడు. ఇపోలో వాళ్ళమ్మ కుట్టుమిషను అమ్మి కొనిపెట్టింది. సుంగై పెటానిలో ఏకంగా చెత్తకుండీలో దొరికింది. మారని వాక్యం ఒక్కటే. పెట్టెకున్న అంకెల తాళం పైకెత్తి చూపించి అంటాడు: “ఈ నంబరు నా నలుగురు పెళ్ళాలకు కూడా తెలియదు. నేను చస్తే రోసలీ నాతోనే.” అక్కడ చప్పట్లు.

ఆ తరవాత పాట. పాట మొదలయ్యేది అతని వేలితో కాదు, మాధవి వేలితో. ఆమె పక్కన కూర్చుని మీట నొక్కితే, ఎప్పుడో ఎవరో వాయించి పెట్టిన గిటారు స్పీకర్లలో మోగుతుంది. అతను తీగల మీద చెయ్యి ఆడిస్తాడు. సుంగై పెటానిలో ఒకసారి కరెంటు పోయింది. గిటారు కూడా పోయింది. డెక్‌స్టర్ వెంటనే గుండె పట్టుకుని కూర్చున్నాడు. జనం డాక్టరు కోసం పరిగెత్తారు.

ఈ రోజు ఆ మీట లేదు. నోరా కెస్లర్ అనే దర్శకురాలు ముసలి గిటారు విద్వాంసుడి కథ ఒకటి తీస్తోంది. వేరే పనిమీద కౌలాలంపూర్ వచ్చి కబురు పెట్టింది: మైకు లేకుండా, టేపు లేకుండా, చిన్నచోట నీ చేతుల్తో వాయించు, చూస్తాను, నచ్చితే వేషం నీదే. పదిహేనేళ్ళలో అతనికి వచ్చిన మొదటి కబురు. విజయదశమి భజనలో వాయిస్తానని గొప్పగా జవాబిచ్చాడు.

మాధవికి ఇవన్నీ తెలుసు. కాని తెలియడం వేరు, ఇన్‌స్పెక్టర్ నమ్మడం వేరు.

“సార్, పూజ అయ్యేదాకా మా చిన్నాన్నని జీపెక్కించకండి,” అంది సుగుమారన్‌తో.

“పండగపూట నాకు మాత్రం సరదానా?” అన్నాడాయన. “పూజదాకా చూస్తాను. తరవాత ఆయన రిపోర్టు ఇస్తే తీసుకోక తప్పదు.”

మాధవి వచ్చి పైడయ్య పక్కన కూర్చుంది. “సిన్నాన్నా, పొద్దున్న ఏటి జరిగిందో మళ్ళీ సెప్పు.”

“ఏటుంది తల్లీ. తెల్లారగానే ఆయన కారులో ఒచ్చినాడు. ద్యానం సేసుకుంటానన్నాడు. నా గిటారు ఎక్కడ అని సైగ సేసినాడు. పక్కగది తీసి సూపించినాను. పెట్టె బల్లమీదుంది. నాను పూలు తేడానికి ఎల్లినాను. మైకులో సుప్రబాతం మోగతంది. తిరిగొచ్చేసరికి బొబ్బలు పెడతన్నాడు.”

“పెట్టె ఆ గదిలోకి ఎవరు సేర్చినారు?”

“మీ పిన్నమ్మే. రాత్రి నాను పులిహోర పంచతన్నాను. పెట్టె గదిలో పెట్టీసినానంది. కరీదైన సరుకు గదా, బద్రం సేసింది కాబోలనుకున్నాను.”

“పిన్నమ్మ ఏదీ?”

“మా పిల్ల జయమణి ఇంటికి పెసాదం పట్టుకుని పొద్దున్నే హుటాన్ మెలింటాంగ్ ఎల్లినాది. ఫోను ఇంట్లోనే మరిసిపోయింది. దానికి ఫోను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే లా.”

“ఇరిగిన గిటారు నువ్వు సూసినావా?”

“ఎవర్ని సూడనిచ్చినాడు? మూత ఒక్కసారి ఎత్తి ఏసీసినాడు. శవాన్ని ముట్టుకోవద్దన్నాడు.”

మాధవి పక్కగదిలోకి వెళ్ళింది. బల్ల, చాపలు, పాత పండగ తోరణాలు. కిటికీకి ఇనుప ఊచలు. బల్ల కింద చాప అంచున ఏదో తెల్లగా కనిపించింది. వంగి తీసింది. గిటారు తీగ బిగించే మర. ప్లాస్టిక్‌ది. జారిపోకుండా దాని చుట్టూ ఎర్రదారం చుట్టి ఉంది.

రోసలీ మరలు ఇత్తడివి. ప్రతి ప్రదర్శనకీ ముందు అవి మెరిసేలా తుడవమని డెక్‌స్టర్ తనకే పురమాయిస్తాడు. ఈ ఎర్రదారం ఎక్కడిది?

ఫోను తీసి, పొద్దున్న డెక్‌స్టర్ జనానికి ప్రసారం చేసిన లైవ్ మళ్ళీ పెట్టింది. జుట్టుపాయ, వెక్కిళ్ళు, రోసలీ. ఆ తరవాత, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ, పక్కన ఎవరూ అడక్కుండానే, డెక్‌స్టర్ నోట్లోంచి ఆ వాక్యం దొర్లిపోయింది: “నా నలుగురు పెళ్ళాలకు కూడా తెలియని నంబరు. ఈ చేత్తోనే తిప్పాను. తాళం తెరుచుకుంది. లోపల నా రోసలీ రెండు ముక్కలై పడి ఉంది.”

మాధవి దాన్ని ఇంకోసారి విన్నది. పెట్టె తాళం వేసి ఉంది. నంబరు తెలిసినవాడు ఒక్కడే. పెట్టె మీద గీత కూడా పడలేదు. అంటే గిటారు తాళం పడకముందే విరగాలి, లేదా తాళం తీశాక విరగాలి. శ్రీకుమార్ చేతికి పది తాళంచెవులు ఇచ్చినా ఆ పెట్టె తెరవలేడు. ఇంక తేలవలసింది ఒకటే: మూత పడేటప్పటికి లోపల ఉన్నది ఏమిటి, అది ఎలా ఉంది. అది చెప్పగలిగిన మనిషి ప్రసాదం డబ్బా పట్టుకుని ఊరు దాటి పోయింది.

జయమణికి ఫోను చేసింది. “అమ్మా? ఇప్పుడే బస్సెక్కినాది అక్కా,” అంది జయమణి. “పూజకి అందుకోవాలని ఒకటే గోల. ఏటయింది?”

“ఏటీ లేదు. బస్సు తొందరగా నడవాలని మొక్కుకో.”

బస్సుకంటే ముందు నోరా కెస్లర్ కారు వచ్చింది. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, నలిగిన చొక్కా. గేటు దగ్గర చెప్పులు విప్పి ఎవరూ చెప్పకముందే కాళ్ళు కడుక్కుంది. డెక్‌స్టర్ కొత్త తెల్ల లాల్చీలో ఎదురెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాడు.

“ఈ రోజు నీకోసం వాయిద్దామని ప్రాణం పెట్టుకున్నాను నోరా. ఈ చేతులు చూడు. విధవలైపోయాయి.”

నోరా చేతులవంక చూసింది. “ఇంకో గిటారు తెప్పించనా? ఊళ్ళో దొరకదా?”

“రోసలీ పోయిన రోజున ఇంకోదాన్ని ముట్టుకోమంటావా?”

“నలుగురు భార్యలున్నవాడివి,” అంది నోరా. డెక్‌స్టర్ నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోగా శ్రీకుమార్ అడ్డం వచ్చి శాలువా కప్పేశాడు.

భజన బృందం ఒక్కొక్కరే వస్తున్నారు. పంతులుగారు లోపల హారతి సిద్ధం చేస్తున్నారు. అమ్మవారి ముందు తెర వేసే ఉంది. వరండాలో ఫోను స్టాండు ముందు ఒక పీట వేశారు. అది పైడయ్యకి. దాని పక్కనే డెక్‌స్టర్ మోకరిల్లడానికి ఒక దిండు. ఎక్కడ మోకరిల్లితే మొహం బాగా పడుతుందో అతను ముందే కూర్చుని చూసుకున్నాడు. తప్పు ఒప్పుకునేవాడు లేకపోతే క్షమించడం కుదరదు. క్షమించే సీను లేకపోతే ఇంత ఏడుపూ వృథా.

“పైడయ్యగారూ, ఒక్క మాట,” అన్నాడు శ్రీకుమార్. “చెయ్యి జారింది, క్షమించండి. అంతే. నేను ఇంగ్లీషులో చెప్తాను, మీరు తల ఊపండి చాలు.”

పైడయ్య మాధవి వైపు చూశాడు. ఆ చూపులో అడుగుతున్నది ఒకటే. ఊపమంటావా?

“ఇంకో పది నిమిషాలు సిన్నాన్నా,” అంది మాధవి. అప్పుడే రోడ్డు మీద బస్సు ఆగింది.

పైడయ్య భార్య దేవుడమ్మ ఖాళీ అయిన టిఫిను డబ్బాతో గేటులోకి వస్తూనే ఆగిపోయింది. “ఈ జీపేటి? ఎవులు పోయినారు?”

మాధవి ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా సుగుమారన్ ముందు నిలబెట్టింది. “పిన్నమ్మా, రాత్రి ఆ దొర గిటారు ఏటి సేసినావు? ఉన్నది ఉన్నట్టు సెప్పు.”

దేవుడమ్మ గతుక్కుమంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తెలిసిపోయిందా? ఆయనకి కోపమొచ్చిందేటి? ఏటి సెయ్యమంటావే. తోలు పెట్టెని తెచ్చి, ఫొటో కోసం మూత తెరిచి అమ్మోరి ముందు పెట్టీసినాడు. అతిదని నోరు మూసుకున్నాను. ఆయన ఎల్లగానే గిటారు తీసి, బొట్లెట్టి, నానే పసుపుబట్ట కప్పీసినాను, పెట్టె బయటకి గెంటినాను.”

“మద్దెలకి తోలు లేదా దేవుడమ్మా?” అన్నాడు భజన బృందంలో ఎవరో.

“అది మద్దెల. ఇది పెట్టె. నీ బెల్టు కూడా తోలే, తెచ్చి అమ్మోరి మెళ్ళో ఏత్తావేటి?”

సుగుమారన్ నవ్వు ఆపుకుని అడిగాడు. “అయితే పెట్టె ఖాళీదా?”

“కాళీ పెట్టె ఎలా ఇత్తాం సార్ పండగపూట? కాళీ గిన్నె ఇచ్చినా ఎదుటోడికి కీడే. పక్కింటోడు కూర పంపితే గిన్నెలో పంచదారైనా ఏసి పంపుతాం గదా. ఆ పెట్టెలో అరటిపళ్ళు పెడదామంటే పట్టుబట్ట పాడయిపోద్దేమో అనిపించినాది. మన బజన లోగన్ బట్ట కప్పీసినాక ఒచ్చినాడు. ఆడి గిటారుకి సంచీ లేదు, కిటికీలోంచి జల్లు కొడతంది. అందులో పెట్టమన్నాను. మూత ఎయ్యగానే టక్కుమన్నాది. అంకెలు అటూ ఇటూ తిప్పీసినాను.”

“అంకెలు ఎందుకు తిప్పారు?”

“సూట్‌కేసుకి అలాగే సేత్తాం గదా సార్.”

మాధవి వెనక్కి తిరిగింది. భజన బృందంలో లోగన్ అప్పుడే లారీ దిగి మొహం కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, పామాయిలు లారీ తోలతాడు. మాధవి తెల్ల మర చూపించింది. లోగన్ నోరు తెరిచాడు.

“ఆ ఎర్రదారం నానే సుట్టినాను అక్కా. ఇది ఊడి మీ సేతికెలా వచ్చింది?”

“గిటారు పెట్టెలో పెట్టినప్పుడు బాగానే ఉందా?”

“బాగుండక? హాలీవుడ్ పెట్టెలో మన సరుకు గదా, ఫొటో తీసి మా లారీ డ్రైవర్లందరికీ పంపినాను.” ఫోను తీశాడు. ఎర్రపట్టు పరుపు మీద, కులాసాగా, మెడ మీద పులిబొమ్మ అంటించిన లోగన్ గిటారు. పక్కన బొటనవేలు ఎత్తిన దేవుడమ్మ. సుగుమారన్ ఆ ఫొటో చాలాసేపు చూశాడు. తరవాత మాధవి ఆయనకి పొద్దుటి లైవ్ వినిపించింది. నలుగురు పెళ్ళాల దగ్గర ఆయన చెయ్యెత్తి, మళ్ళీ పెట్టమన్నాడు.

లోపల గంట మోగింది. పంతులుగారు తెర లాగి, హారతి ఇచ్చి, పసుపుబట్ట ఎత్తారు.

హార్మోనియం పక్కన, రెండు మద్దెలల మధ్య, రోసలీ పడుకుని ఉంది. ఒళ్ళంతా బంతిపూలు. గుండ్రటి కంత చుట్టూ పసుపు, పైన మూడు చందనం బొట్లు, వాటి మీద కుంకుమ. ఇత్తడి మరలు హారతి వెలుగులో మెరిశాయి.

డెక్‌స్టర్ కళ్ళద్దాలు తీశాడు. మలేషియాలో అడుగుపెట్టాక అదే మొదటిసారి. ఒక్క క్షణం అతని మొహంలో ఏమీ లేదు, అరువు తెచ్చుకున్న బాధ కూడా. తరవాత నటుడు తిరిగొచ్చాడు. ఫోను వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

“అద్భుతం. రోసలీ లేచి వచ్చింది.”

“మరి పెట్టెలో శవం ఎవరిది?” అంది నోరా.

ఆమె వంగి మూత ఎత్తింది. రెండు ముక్కల గిటారు. విరిగిన మెడ మీద కోరలు చూపిస్తున్న పులి. పొద్దున్నుంచి ఈ పులినే కావలించుకుని, నలభై ఏళ్ళ నా ప్రాణమా అని ఏడ్చాడు డెక్‌స్టర్.

“నీ గిటారు నువ్వు గుర్తుపట్టలేదా?” అని అడిగింది నోరా.

“కన్నీళ్ళలో ఏం కనిపిస్తుంది?”

“పులి కనిపిస్తుంది.”

సుగుమారన్ ముందుకొచ్చాడు. “మిస్టర్ హాలరన్, పెట్టె తాళం వేసి ఉందని, నంబరు మీకొక్కరికే తెలుసని మీరే చెప్పారు. మూత పడేటప్పుడు ఈ గిటారు బాగుంది, ఫొటో ఉంది. తాళం తీసింది మీరు. తీశాక విరిగి ఉంది. మధ్యలో ఎవరొచ్చారు?”

“ఆ ముసలాయన దగ్గర తాళంచెవి...”

“గదికి. పెట్టెకి కాదు.”

నోరా పంతులుగారి దగ్గర అడిగి పూలు పక్కకి తీసి, రోసలీని తెచ్చి డెక్‌స్టర్ ఒళ్ళో పెట్టింది. “దుఃఖం తీరింది కదా. ఒక్క పాట. చిన్నదే.”

డెక్‌స్టర్ మాధవి వైపు చూశాడు. మీట నొక్కే వేలి వైపు. మాధవి చేతులు కట్టుకుంది.

అతను తీగల మీద చెయ్యి వేశాడు. వేళ్ళకి ఏ తీగ ఎక్కడుందో తెలియలేదు. రేకు డబ్బాలో గులకరాయి పడ్డట్టు ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ లాగాడు, ఇంకోటి. లోగన్ మొహం తిప్పుకున్నాడు. నాటకం, సినిమా, ఏడేళ్ళ టీవీ, రెండు ఆల్బములు, అన్నీ కలిపి ఆ చప్పుడంత. అతని బొటనవేలికి కుంకుమ అంటింది. తెల్ల లాల్చీకి తుడుచుకున్నాడు.

“ఆ వేళ్ళవాడు బతికున్నాడా?” అని నోరా మెల్లగా అడిగింది. “అతనికి ఫోను చెయ్యాల్సింది.”

“మీరు వస్తారనే విరిచాడు,” అంది మాధవి ఆమెతో. “వాయించలేకపోవడానికి కారణం కావాలి. మా చిన్నాన్న దొరికాడు.”

శ్రీకుమార్ ఫోను స్టాండు వైపు ఉరికాడు. “లైవ్ ఆపండి. పోనీండి, అయిందేదో అయింది. అతిథి లా. ఏదో పొరపాటని రాసుకుందాం. పేర్లెందుకు?”

“పొద్దున్నుంచి పేరు కావాలన్నారు గదా,” అన్నాడు సుగుమారన్. “ఫోను ముట్టుకోకండి.”

పైడయ్య ఇంతసేపూ మెట్ల మీదే ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. తాళాల గుత్తి తీసి మొలకి కట్టుకున్నాడు. తనకోసం వేసిన పీట వంక చూశాడు, దిండు వంక చూశాడు. స్టాండు దగ్గరికి వచ్చి, ఫోనుతో సహా దాన్ని దేవుడి పటంలా జాగ్రత్తగా ఎత్తుకున్నాడు.

“ఎక్కడికి సిన్నాన్నా?” అంది మాధవి.

“మెట్ల మీద సెప్పకూడదు గదా తల్లీ.”

మెట్లు దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, జీపు దాటి, గేటు దాటి, రోడ్డు అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. వెనకాలే అందరూ గేటుదాకా వచ్చారు. వెనక్కి తిరిగి మందిరం ఎంతదూరంలో ఉందో ఒకసారి చూసుకుని, ఇంకో రెండడుగులు వేశాడు. స్టాండు దింపాడు. ఫోను తనవైపు తిరిగి ఉందో లేదో మాధవిని అడిగాడు. ఉందని ఆమె తల ఊపింది.

“నా పేరు పైడయ్య,” అన్నాడు. “ఈ మందిరం తాళాలు నా దగ్గరే ఉంటాయి. మా లోగన్ గిటారు ఇరగ్గొట్టింది నాను కాదు. ఇరగ్గొట్టినోడు డెక్‌స్టర్ హాలరన్.”